తీర్చిన అప్పు ఎవరిది?

రిస్పాకి అప్పంటే ఒళ్ళుమంట. నలభై అయిదేళ్ళు నిండినా ఎవరి దగ్గరా ఒక్క షిల్లింగు చేబదులు తీసుకున్న మనిషి కాదు. పక్కింటి నుంచి గుప్పెడు ఉప్పు తెచ్చుకుంటే సాయంత్రానికల్లా గుప్పెడున్నర తిరిగి పంపేది. సరస్సు ఒడ్డున ఉన్న ఒబారో రేవులో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఎందుకు లేరంటే, తెలియనివాళ్ళు కనబడితే ఆవిడే కూచోబెట్టి చెప్పేది.

అలాంటి మనిషి ఆ బుధవారం పొద్దున్నే హోమాబే టౌనుకి వ్యానెక్కి, ఆడవాళ్ళ పొదుపు సంఘం ఆఫీసులో బల్ల ముందు కూచుని, నాకు అప్పు కావాలమ్మా అని అడిగింది. సిగ్గుతో చచ్చినంత పనయింది.

కారణం పడవ. ముసలి ఒందిగోకి మోకాళ్ళు పట్టేశాయి. ఇక నీళ్ళలోకి దిగడం నా వల్ల కాదని పడవా ఇంజనూ కలిపి అమ్మకానికి పెట్టాడు. గట్టి చెక్క, కిందటేడే తారు పూసిన పడవ. రిస్పా పాతికేళ్ళుగా రేవులో ఒమెనా కొని, ఎండబెట్టి అమ్ముతోంది. చూడ్డానికి నెత్తళ్ళలా ఉండే చిన్న చేప అది, కానీ దాన్ని పట్టే పడవవాడికి ఉన్న పొగరు చిన్నది కాదు. తెల్లారకముందే తట్ట పట్టుకుని మోకాలి లోతు నీళ్ళలో నిలబడాలి. ఇవాళ నీకిస్తాను, ఆవిడకివ్వను అని వాడంటే తల ఊపాలి. చేతిలో డబ్బు లేని ఆడదానికి చేప ఇవ్వరని కాదు, ఇస్తారు. ఏం అడిగి ఇస్తారో రేవంతటికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. సొంత పడవుంటే ఈ దేబిరింపు ఉండదు.

సంఘంలో రిస్పా దాచుకున్నది ఒందిగో చెప్పిన ధరలో సగానికి సరిపోతుంది. మిగతా సగం తెచ్చుకోమని శుక్రవారం సాయంత్రం దాకా గడువిచ్చాడు. ఆ గడువు దాటితే కొనడానికి ఇంకో మనిషి కాచుకుని కూచున్నాడు. ఆ మనిషి ఎవరో కాదు, రిస్పా మరిది. నాలుగేళ్ళ కిందట మొగుడు ఒగ్వెనో పోయినప్పుడు, ఏడ్చినవాళ్ళ కళ్ళు ఆరకముందే ఇంటి పడవ అమ్మేసిన మహానుభావుడు. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకావిడ. రిస్పాదీ అదే బాధ. పడవ రాకపోయినా ఎలాగో బతుకుతుంది గానీ, ఈ పడవ కూడా మరిది చేతికే పోతే మాత్రం భరించలేదు.

బల్ల వెనక కూచున్న అమ్మాయి పేరు బెరిల్, రిస్పా పెద్దకూతురి ఈడుది. రిస్పా తన గొప్ప ముందే చెప్పేసుకుంది. ఈ జన్మలో అప్పు చేసి ఎరగననీ, కావాలంటే రేవులో ఎవర్నయినా అడగమనీ. ఆ మాటకి బెరిల్ మెచ్చుకుంటుందనుకుంది. బెరిల్ తల గోక్కుంది.

"అదేనమ్మా చిక్కు. అప్పు చేయనివాళ్ళంటేనే మాకు భయం. తీసుకుని తీర్చినవాళ్ళు ఎలాంటివాళ్ళో మాకు తెలుస్తుంది. అసలు తీసుకోనివాళ్ళ సంగతి ఎవరు చెబుతారు?"

ఇదెక్కడి తలకిందుల లోకం అనుకుంది రిస్పా. కానీ ఆవిడకి ఒక మంచి గుణముంది. కొత్తమాట చెవిన పడితే చిరాకుపడుతూనే దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తుంది. ఎన్నడూ పొయ్యి ముట్టించని మనిషి చేతివంట ఎలా ఉంటుందో ఎవరు మాత్రం చెప్పగలరు? నిజమే కాబోలు అనిపించింది. అంతలో బెరిల్ గుర్తింపు కార్డు తీసుకుని నంబరు కంప్యూటర్లో కొట్టింది. దేశంలో ఎవరు ఎక్కడ అప్పు చేసినా, తీర్చినా, ఎగ్గొట్టినా అక్కడ కనబడుతుందట. చూస్తూ చూస్తూ బెరిల్ కుర్చీ ముందుకి లాక్కుంది.

"అమ్మా, మీరు భలేవారే. ఇంత మంచి ఖాతా ఈ ఏడాదిలో నేను చూళ్ళేదు."

రిస్పా వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరితోనైనా అంటోందేమోనని. వెనక గోడ తప్ప ఏమీ లేదు.

సంగతేమిటంటే, రిస్పా అమోండి అనే మనిషి తెల్లవారుజామున ఫోన్లో చిన్న అప్పు తీసుకుంటోంది, పొద్దు గూకేలోపు తీర్చేస్తోంది. మర్నాడు మళ్ళీ అంతే. ఒక నెలా రెండు నెలలా కాదు, ఏళ్ళ తరబడి. మొదట్లో నాలుగు తట్టల చేపకి చాలేంత ఇచ్చిన ఫోను కంపెనీ, ఇప్పుడు బస్తాల లెక్కన కొనడానికి చాలేంత ఇస్తోంది. ఈ ఖాతా చూసి రేపే మీకు పడవ డబ్బిచ్చేస్తాం, ఇంకా ఎక్కువ కావాలన్నా ఇస్తాం అంది బెరిల్.

ఇంకెవరైనా అయితే సరేనమ్మా అని సంతకం పెట్టేసి వచ్చేవాళ్ళు. రిస్పాకి ఆ తెలివి లేదు. నేనెప్పుడు తీసుకున్నాను అని గట్టిగా అనేసింది. బెరిల్ ఆ అప్పులు తీసుకుంటున్న ఫోను నంబరు చదివి వినిపించింది. ఆ నంబరు రిస్పాది కాదు. ఆవిడ కార్డు మీద ఆవిడకి తెలియని లైను ఇంకొకటి నడుస్తోంది. బెరిల్ నవ్వు మాయమైంది.

ఇలాంటి కేసులు ఆ పిల్లకి కొత్త కాదు. ఎవడో కార్డు వాడుకుంటాడు, అప్పులు ఎగ్గొడతాడు, పేరున్న మనిషి లబోదిబోమంటూ వస్తుంది. "కానీ ఇలాంటి దొంగని నేనెక్కడా చూళ్ళేదమ్మా. మీ పేరు ఎత్తుకుపోయి మీకే మంచిపేరు తెచ్చిపెడుతున్నాడు. ఎవడికి పట్టింది ఈ పుణ్యం?" అంది.

ఆ తర్వాత ఉన్నమాట చెప్పింది. ఆ లైను మీ ఇంట్లోవాళ్ళదై, మీకు తెలిసే వాడుతున్నారంటే శుక్రవారం లోపు వచ్చి సంతకం పెట్టండి, డబ్బు ఇస్తాం. తెలియదంటే మాత్రం ఫిర్యాదు రాయాలి, లైను మూసేయాలి, ఆ మంచి ఖాతా మీకు పనికిరాదు. మీరు మళ్ళీ ఎవరికీ తెలియని మనిషే.

రిస్పా లేచి వెళ్ళిపోవాల్సింది. వెళ్ళలేదు. ఏదీ, నన్నూ చూడనీ అని కుర్చీ అటువైపు జరుపుకుంది. నిజం చెప్పాలంటే కోపం కన్నా ముందు ఆరా పుట్టింది ఆవిడకి. తన పేరుతో రోజూ పొద్దున్నే నిద్రలేస్తున్న ఈ మనిషి ఎవరు? ఏం తింటుంది, ఎక్కడ పడుకుంటుంది? ఇద్దరూ తలలు దగ్గరపెట్టి ఆ వరసలన్నీ చూశారు. శనివారం ఒక్క అప్పూ లేదు. ఏ శనివారమూ లేదు. అంటే ఆదివారం బదులు శనివారం చర్చికెళ్ళే మతం మనిషి, ఆ రోజు డబ్బు ముట్టదు. ఇంకోటి, ప్రతి నెలా కొన్నాళ్ళు ఖాళీ. బెరిల్ ఇదేదో జీతగాళ్ళ వ్యవహారం అనుకుంది. రిస్పా ఆ తారీఖులు ఒకటికి రెండుసార్లు చదివించుకుంది.

"వెన్నెల రోజులే అవి" అంది.

చీకటి రాత్రుల్లో దీపాలు పెట్టి పిలిస్తేనే ఒమెనా పడవ దగ్గరికొస్తుంది. వెన్నెల్లో దీపాన్ని లెక్కచేయదు. వెన్నెల చూసి ఆగే అప్పు అంటే ఒమెనా అమ్ముకునే ఆడదాని అప్పే. బెరిల్‌కి ఎంత సరదా పుట్టిందంటే టీ తెప్పించింది. ఇంకేం కనబడుతుందో చూద్దామని ఇద్దరూ వెతికారు. ఒక్కచోట మాత్రం గీత తప్పింది. రెండేళ్ళ కిందటి వానాకాలంలో ఒక అప్పు వారం రోజులు తీరలేదు. ఆ తర్వాత జరిమానాతో సహా ఒకే దెబ్బకి తీరిపోయింది. అదెందుకో ఇద్దరికీ అంతు చిక్కలేదు.

మర్నాడు పొద్దున రేవులో వలల మీద ఒమెనా ఆరబోశాక, రిస్పా ఒచుకా దగ్గరికి వెళ్ళింది. ఒచుకా కిసుము పట్నానికి లారీలు పంపే బేరగాడు. ఆడవాళ్ళ దగ్గర బస్తాలు కొని అందరికీ ఫోన్లోనే డబ్బు వేస్తాడు. రిస్పా మాత్రం చేతిలో నోటు పడితేగాని బస్తా కదలనివ్వదు, కనిపించని డబ్బు డబ్బేనా అంటుంది. ఆ నంబరు అరచేతి మీద రాసుకొచ్చి చూపించింది. ఎవరిదో తెలుసా అని అడిగింది.

ఒచుకా తన ఫోన్లో నొక్కి చూశాడు. "ఇదా, గెమ్ పిల్లది కదా. నెలకి పదిసార్లు డబ్బు వేస్తాను. ఇదుగో పేరు కూడా పడుతోంది చూడు, రిస్పా అమోండి. మనిషిలాగే పేరూ బాగుంది. ఇంతకీ నీ అసలు పేరేమిటి సెమె పిల్లా? ఇన్నేళ్ళొచ్చినా తెలీదు నాకు."

వాడి తప్పేం లేదు. మా వైపు కోడలికి పుట్టింటి ఊరే పేరు. సెమె నుంచి వచ్చింది గనక రిస్పా జుట్టు నెరిసినా సెమె పిల్లే. గెమ్ నుంచి వచ్చింది గనక ఆ రెండోది గెమ్ పిల్ల. కార్డులో పేరు పెళ్ళి రోజునే పెట్టెలోకి పోతుంది, మళ్ళీ సమాధి మీదే బయటికొస్తుంది. అందుకే రేవులో ఇంతమంది ఇన్నేళ్ళు ఆ పేరు ఫోన్లలో చూస్తూ కూడా ఒక్కరికీ అనుమానం రాలేదు.

రిస్పా మాత్రం అరచేతి మీది నంబరు మళ్ళీ చదువుకుంది. గెమ్ పిల్ల అంటే కాన్సొలాటా. ఒగ్వెనో రెండో పెళ్ళాం. రిస్పా సవతి.

ఇద్దరివీ ఒకే లోగిట్లో పక్కపక్క ఇళ్ళు. ఒగ్వెనో బతికున్నన్నాళ్ళూ సవతులు ఎలా ఉండాలో అలాగే ఉన్నారు, అంటే రోజుకొకసారి పోట్లాడుకుని కూరలు మార్చుకునేవాళ్ళు. వాడు పోయి, పడవ అమ్ముడయ్యాక, ఆ పోట్లాట కూడా లేదు. పడవ డబ్బులో వాటా కాన్సొలాటాకి ముట్టిందని రిస్పా నమ్మకం. అప్పట్నుంచీ మాటల్లేవు. నాలుగేళ్ళు ఒకే వాకిలి దాటి బయటికెళ్ళి, ఒకే రేవులో నిలబడి, ఒకరి నీడ ఒకరు తొక్కకుండా తిరిగారు.

ఎలా జరిగిందో ఇప్పుడు తెలిసింది రిస్పాకి. మా ఇళ్ళల్లో ఏదైనా పెద్దిల్లాలితోనే మొదలు. ఆవిడ చేతి గింజ పొలంలో పడనిదే రెండో ఆమె విత్తనం ముట్టకూడదు. ఒగ్వెనో ఇద్దరికీ ఫోన్లు కొన్నప్పుడూ అదే మర్యాద పాటించాడు. రిస్పా కార్డు అడిగి పట్టుకెళ్ళాడు, రెండు ఫోన్లు తెచ్చాడు. చిన్నదానికి అప్పటికింకా కార్డు లేదు. రెండు లైన్లూ పెద్దదాని పేరు మీదే తీశాడన్నమాట. పైగా దాన్ని గౌరవం అనుకుని ఉంటాడు మగమహారాజు.

ఆ మధ్యాహ్నం రిస్పా నాలుగేళ్ళ తర్వాత పక్కింటి గుమ్మం ముందు నిలబడింది. కాన్సొలాటా చేటలో ఒమెనా పోసి ఇసక చెరుగుతోంది. రిస్పా తిట్టాల్సిన తిట్లన్నీ దారిలోనే వరస పెట్టుకుంది గానీ, తీరా నోట్లోంచి వచ్చింది ఒక్కటే మాట. నా పేరు మీద ఎందుకు అప్పులు చేస్తున్నావే, అని.

కాన్సొలాటా బుకాయించలేదు. చేట కింద పెట్టి, పీట తుడిచి వేసింది.

"లైను కోయించేస్తావా?" అంది.

"నేను అడిగినదానికి చెప్పు."

"ఏం చెప్పమంటావ్. ఆయన పోయిన నెలలోనే ఒక పడవవాడు నా తట్ట పట్టుకున్నాడు. డబ్బుకేం తొందర, పొద్దుగూకాక ఒకసారి రా అన్నాడు. ఆ రోజు మొదటిసారి ఫోన్లో అప్పు నొక్కాను. పని చేస్తుందో లేదో కూడా తెలీదు. చేసింది. చేప ఖరీదు వాడి మొహాన కొట్టాను. అప్పట్నుంచీ రోజూ అంతే. సాయంత్రానికి తీర్చకపోతే మర్నాడు రాదు. మర్నాడు రాకపోతే వాడి దగ్గరికే పోవాలి."

ఎవడని రిస్పా అడగలేదు. అడక్కుండానే తెలుసు. ఆ నెలలోనే వాడు రిస్పా తట్ట కూడా పట్టుకున్నాడు, అదే మాట అన్నాడు. రిస్పా మేకలు అమ్ముకుని బయటపడింది. ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోవడానికి పక్కింట్లో మనిషి ఉందని అప్పుడు తోచలేదు.

పీట మీద కూచుని ఇల్లంతా కలయజూసింది. మూల ఏదో బోసిగా ఉంది. ఒగ్వెనో ఒకే చెట్టు కోసి రెండు మంచాలు చేశాడు, ఇంటికొకటి. రిస్పా మంచం రిస్పా ఇంట్లో ఉంది. ఇక్కడ చాప ఉంది.

"మంచమేదే?"

"అమ్మేశాను." కాన్సొలాటా మళ్ళీ చేట అందుకుంది. "పిల్లకి టైఫాయిడ్ వచ్చినప్పుడు. ఆసుపత్రిలోనే ఉండిపోయాను, వారం రోజులు రేవుకి పోలేదు. అప్పు అలాగే ఉండిపోయింది. ఫోన్లోకి వచ్చింది, రిస్పా అమోండీ, మీ పేరు ఎగవేతదారుల్లో రాస్తాం అని. నా పేరయితే రాసుకోండిలే అనుకుందును. అది నీ పేరు. నువ్వు ఉప్పు బాకీ కూడా ఉంచుకోవు. నీ పేరు అలా పడితే నేనేం మొహం పెట్టుకుని ఈ లోగిట్లో తిరగను? మంచం అమ్మి కట్టేశాను."

గీత ఎక్కడ తప్పిందో రిస్పాకి అంతు చిక్కింది. ఆ వారం ఆవిడకి బాగా జ్ఞాపకం. గోడ అవతల పిల్ల మూలుగు వినబడింది. వినబడుతున్నా కదల్లేదు, చూడ్డానికి వెళ్ళలేదు. ఇప్పుడు సిగ్గేసింది. అప్పు అడిగినప్పటి సిగ్గు దీని ముందు ఎందుకూ పనికిరాదు.

అప్పుడు బెరిల్ చెప్పిందంతా చెప్పింది. ఆఫీసులో కనబడేది ఫోను కాదు, కార్డు. నువ్వు పొద్దున తీసుకుని సాయంత్రం తీర్చినదంతా నా కార్డుకే జమ అయింది. నన్ను నమ్మి ఎంతంటే అంత ఇస్తామంటున్నారు. నువ్వెవరో వాళ్ళకి తెలియదు.

కాన్సొలాటాకి చెరుగుతున్న చెయ్యి ఆగిపోయింది. "అందుకా" అంది. పోయినేడు తనకి కార్డు వచ్చాక, అది పట్టుకుని ఆ ఆఫీసుకే వెళ్ళిందట. మీరు అప్పు చేసినట్టు ఎక్కడా లేదు, మీరెవరో మాకు తెలియదన్నారట. ఫోను ఇంతగా నమ్ముతుంటే మనుషులెందుకు నమ్మరా అనుకుంటూ వెనక్కొచ్చేసింది. "సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే కాబోలు" అని నవ్వబోయింది. నవ్వు సగంలోనే పాడైపోయింది.

రిస్పా పడవ సంగతి దాచలేదు. రేపు వెళ్ళి, ఆ లైను నాకు తెలిసే నడుస్తోందని సంతకం పెడితే పడవ నాదవుతుంది, అంది.

"పెట్టు అక్కా" అంది కాన్సొలాటా. "నేను ఎవరికీ చెప్పను. లైను మాత్రం కోయించకు, నీకు పుణ్యముంటుంది."

నాలుగేళ్ళలో మొదటిసారి అక్కా అనిపించుకుంది రిస్పా. ఇంటికొచ్చి సంకటి వండుకుంది, తినబుద్ధి కాలేదు. సంతకం పెట్టడం ఎంతసేపు? పడవొస్తుంది, మరిది మొహం మాడుతుంది, సవతి నోరెత్తదు. అబద్ధం కూడా కాదు, ఇప్పుడు తెలుసు కదా. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఎవరి దగ్గరా అప్పు లేదని పాతికేళ్ళుగా రేవంతా చాటుకున్న మనిషి, మంచం లేని సవతి కూడబెట్టిన నమ్మకాన్ని ఖర్చు పెట్టుకుని పడవెక్కితే, దాన్ని ఏమంటారు? పోనీ నిజం చెప్పేస్తే లైను పోతుంది, పడవ పోతుంది, కాన్సొలాటా మళ్ళీ ఆ పడవవాడి ముందు నిలబడుతుంది. ఈ రెండూ కాకుండా మూడో దారి లేదా అని ఎంత గింజుకున్నా తోచలేదు. తోచేదాకా ఆగే ఓపిక కూడా ఆవిడకి లేదు. శుక్రవారం పొద్దున్నే గోడ మీంచి కేకేసింది, కార్డు తీసుకుని బయల్దేరవే అని.

వ్యానులో పక్కపక్కనే కూచున్నారు. కాసేపటికి రిస్పా ఉండబట్టలేక అడిగింది, పడవ డబ్బులో నీ వాటాగా మరిది ఎంతిచ్చాడని. కాన్సొలాటా తెల్లబోయింది. నాకివ్వలేదు, మొత్తం నీకే ఇచ్చానన్నాడే అంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇక హోమాబే వచ్చేదాకా వాణ్ణీ, వాడి వంశాన్నీ కలిసికట్టుగా తిట్టారు. వంశంలో తమ మొగుడూ ఉన్నాడని డ్రైవరు గుర్తుచేస్తే, వాడికీ పెట్టారు నాలుగు.

ఆఫీసులో రిస్పా అంతా చెప్పేసింది, వెన్నెల దగ్గర్నుంచి మంచం దాకా. బెరిల్ మొదట సంబరంగా వింది, పోనుపోను దిగులుపడింది. లైను మూసేయక్కర్లేదంది. ఇద్దరూ కార్డులు పట్టుకుని ఫోను కొట్టుకి వెళ్తే కాన్సొలాటా పేరుకి మార్చేస్తారు. ఇక ముందు తీర్చినదంతా ఆవిడకే జమ. గడిచింది మాత్రం ఎవరూ మార్చలేరు, అది రిస్పా కార్డు మీదే ఉంటుంది. అది రిస్పాది కాదని తెలిశాక ఆఫీసు దాన్ని చూసి అప్పివ్వదు. అంటే ఇవాళ్టికి ఇద్దరూ ఎవరికీ తెలియని మనుషులే.

"తెలియని మనిషికి అప్పు పుట్టే దారే లేదా?" అని అడిగింది రిస్పా.

ఉంది. సంఘంలో పొదుపున్న సభ్యురాలు ఎవరైనా హామీ నిలబడితే, ఆ పొదుపు ఎంతుంటే అంత ఇస్తారు. అప్పు తీరేదాకా ఆ పొదుపు ముట్టుకోవడానికి లేదు. అప్పు తీరకపోతే పొదుపు గల్లంతు.

రిస్పా అక్కణ్ణుంచే ఒందిగోకి ఫోను చేసింది. సగం డబ్బుకి ఏమిస్తావు మావా అంది. ఇంజను లేకుండా వట్టి పడవ ఇస్తాను, తెడ్లు ఊరికే ఇస్తాను అన్నాడు ముసలాయన. ఇంజను నీ మరిది అడుగుతున్నాడు, పడవ లేకుండా దాంతో ఏం చేసుకుంటాడో నాకూ చూడాలనుంది అని కూడా అన్నాడు.

"అయితే రాయమ్మా" అంది రిస్పా ఫోను పెట్టేసి. "అప్పు దీని పేరు మీద. హామీ నాది. పడవ ఇద్దరి పేరు మీద."

బెరిల్ కలం పట్టుకుని ఆగింది. మంచి పిల్ల, దాపరికం లేకుండా చెప్పింది. వట్టి పడవకి సరిపోయే డబ్బు మీ పొదుపులోనే ఉంది కదా, అది తీసుకుని మీరొక్కరే కొనుక్కోవచ్చు, అప్పూ ఉండదు, భయమూ ఉండదు, మీకెందుకమ్మా ఈ తిరకాసు అని.

"అలా కొంటే నాకు పడవొస్తుంది. దీనికి పేరు రాదు" అంది రిస్పా.

కాన్సొలాటా అడ్డుపడింది. వద్దక్కా, మళ్ళీ పిల్లకి జ్వరమొస్తే, వానలు పడి చేప ఎండకపోతే, నీ ముసలితనం కోసం దాచుకున్నది అంటూ ఏదేదో అంది. నువ్వు ఊరుకో, నిన్నెవరడిగారు అని రిస్పా కసిరింది. బెరిల్ కాయితం మీద చుట్టరికం అన్నచోట సవతి అని రాసి, రాసినదాన్ని తనే ఒకసారి చదువుకుంది. ఆ తర్వాత, హామీదార్లందరినీ అడగాల్సిన మాట అడిగింది. ఈవిడ కట్టకపోతే మీ పొదుపంతా పోతుంది. కడుతుందని మీకు నమ్మకమేమిటి?

"నాలుగేళ్ళు రోజూ పొద్దున్నే నా పేరు తీసుకుని రేవుకెళ్ళిందమ్మా ఇది. చీకటిపడేలోగా మాసిపోకుండా తెచ్చి ఇచ్చింది. తనేమో చాప మీద పడుకుంది. నేను పక్కింట్లోనే ఉన్నాను, నాకు తెలియను కూడా తెలియదు. ఇంకేం నమ్మకం కావాలి నీకు?"

కాన్సొలాటా బల్ల మీదికి వంగి భోరుమంది. పొదుపు పుస్తకాలు పట్టుకుని వరసలో ఉన్న ఆడవాళ్ళంతా తిరిగి చూశారు. రిస్పా కళ్ళూ తడిశాయి గానీ ఆవిడ ఒప్పుకునే రకం కాదు. సవతి మోచేతి కింది నుంచి కాయితం గబుక్కున లాగింది.

"ఊరుకోవే, తడిసిందంటే మళ్ళీ మొదట్నుంచీ రాయాలి. అవతల ఒందిగో సాయంత్రం దాకానే ఆగుతాడు."

కాన్సొలాటా కొంగుతో మొహం తుడుచుకుంది. కలం అందుకుని, పెళ్ళయిన నాటి నుంచి ఎవరూ పిలవని తన పూర్తి పేరు ఒక్కో అక్షరమే చూసుకుంటూ రాసింది.